యాభై నిమిషాల దూరం

ఇక్పియర్జుక్,
ఫిబ్రవరి 11, మంగళవారం.

మరదలు సిపోరాకి,

బావ ఈనూకి అనే నేను రాయునది. ఇక్కడ నేను తింటున్నాను, పడుకుంటున్నాను, డ్యూటీకి పోతున్నాను కాబట్టి క్షేమంగానే ఉన్నట్టు లెక్క. అక్కడ నువ్వు, లాజరస్, పసిది బాగున్నారని ఇకాలుయిట్ విమానంలో దిగినవాళ్ళు చెప్తుంటే వింటున్నాను. పాప బొద్దుగా ఉందనీ, నల్లటి జుట్టు నెత్తిమీద నిక్కబొడుచుకుని ఉందనీ, కాన్పయిన ఆసుపత్రి వరండా అంతా దాని గొంతేననీ చెప్పారు. సంతోషం. రాయాలి కాబట్టి రాస్తున్నాను అనుకోకు, సంతోషమే. కాకపోతే ఆగస్టు నుంచి నాకు ఏదీ లోపలిదాకా దిగడం లేదు. చలికి మొద్దుబారిన వేళ్ళతో గుండీలు పెట్టుకున్నట్టు ఉంటుంది. పెట్టుకున్నానో లేదో కళ్ళతో చూసుకుంటే గానీ తెలియదు.

ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తున్నావు. లాజరస్ ఎత్తితే పాపం అతను ఆ, ఊ అని, చలి ఎలా ఉందన్నయ్యా అని అడిగి, నువ్వు వెనకనుంచి చూస్తుంటావు కాబోలు, అతనూ పెట్టేస్తాడు. ఉత్తరమైతే చించెయ్యాలన్నా ముందు చేతిలోకి తీసుకోవాలి కదా. ఎంత కోపం ఉన్న మనిషయినా కవరు కనపడితే ఒకసారి తెరుస్తుంది. మీ అక్క ఉలాయుక్ అయితే తెరవదు, అది వేరే సంగతి. అక్కచెల్లెళ్ళిద్దరిలో మొండితనానికి ఆవిడ పెద్ద, నువ్వు చిన్న.

ఇది నీకు ఎప్పుడు చేరుతుందో దేవుడికే తెలియాలి. మన రెండు ఊళ్ళ మధ్య గాలిలో గీత గీస్తే ఇంచుమించు రెండు వందల నలభై కిలోమీటర్లు ఉంటుందేమో. చిన్న విమానం నేరుగా ఎగిరితే యాభై నిమిషాలు. టీ కాచుకుని, తాగి, గిన్నె కడిగి బోర్లించేలోపు వచ్చేస్తుంది. కానీ నేరుగా ఎగిరేది ఏదీ? ఇక్కణ్ణుంచి మీ మిట్టిమతాలిక్ రావాలంటే ముందు మీ ఊరికి వీపు తిప్పి, దక్షిణంగా మూడు గంటలు పోయి, ఇకాలుయిట్‌లో ఒక రాత్రి పడుకుని, మర్నాడు మళ్ళీ అంత దూరమూ ఉత్తరానికి రావాలి. అదీ మూడు చోట్లా ఆకాశం ఒప్పుకుంటే. ఒప్పుకోకపోతే ఇకాలుయిట్‌లో ఎన్నాళ్ళు పడుండాలో ఎవరూ చెప్పలేరు. మనుషులకే ఇలా ఉంటే ఉత్తరాన్ని ఎవడు పట్టించుకుంటాడు? దీన్ని ఏ సంచీలోనో పడేసి మరిచిపోయినా అడిగే దిక్కు లేదు.

స్కిడూ బండి మీద మంచుదారిన వస్తే మధ్యలో ఒకచోట గుడారం వేసుకుని రెండోనాటికి చేరొచ్చు. అది నా మోకాళ్ళు బాగున్న రోజుల మాట. మీ అక్కని అడగడానికి అలాగే వచ్చాను. నువ్వు అప్పటికి చిన్నపిల్లవి. తలుపు సందులోంచి చూసి, అక్కా, వీడి ముక్కు తెల్లగా గడ్డకట్టిపోయింది, వీడు మనకొద్దు అన్నావు. ముక్కే కదా, కరుగుతుందిలే అని మీ అక్క నన్ను లోపలికి రానిచ్చింది. పెళ్ళయ్యాక నిన్నూ వెంటబెట్టుకునే మా ఇంటికి వచ్చింది. మీ అమ్మ అప్పటికే లేదు, మాకు తర్వాత పిల్లలు కలగలేదు. మా ఇంట్లో చిన్నపిల్ల అంటే నువ్వే. లాజరస్‌ని చేసుకుని మళ్ళీ మీ ఊరు వెళ్ళిపోయేదాకా అంతే. ఇదంతా నీకు తెలుసు. తెలిసినవే రాయడం తేలిగ్గా ఉంది, రాయనియ్యి.

నా పని కూడా నీకు తెలిసిందే. ఇరవై ఏళ్ళకు పైగా ఆ రేడియో గదిలో కూర్చుని మబ్బు ఎంత ఎత్తున ఉందో, కంటికి ఎంత దూరం ఆనుతోందో పైలట్లకి చదివి వినిపిస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బాగాలేనిదాన్ని బాగుందంటే మనుషులు పోతారు. నిరుడు మీ అక్క ఒట్టావాలో వైద్యం చేయించుకుని తిరిగొస్తున్న రోజున మబ్బు కిందికి దిగి కూర్చుంటే, కూర్చుందనే చెప్పాను. విమానం మా ఇంటి మీదుగా రెండు చుట్లు తిరిగి, మీ అక్కని మోసుకుని ఇకాలుయిట్‌కి వెనక్కి పోయింది. రోగులుండే ఆ వసతిగృహంలో నాలుగు రోజులు పడుండి వచ్చింది. వచ్చాక ఊళ్ళో కనపడిన ప్రతివాళ్ళకీ ఒకటే మాట, కట్టుకున్న మొగుడే తలుపు తియ్యలేదమ్మా, మబ్బు సందులోంచి మా ఇంటి కప్పు కూడా కనపడింది, ఈయన మాత్రం కుదరదు పొమ్మన్నాడు అని. కో-ఆప్ కొట్టులో డబ్బులు తీసుకునే అమ్మాయి కూడా నన్ను చూసి, ఏం బాబాయ్, ఇవాళైనా తలుపు తీస్తావా అనేది. నేనూ నవ్వేవాణ్ణి.

ఇక అసలు సంగతికి వస్తాను. పోయిన ఆదివారం చర్చి అయ్యాక మీ ఊరి పెద్దావిడ కూనూ అత్త ఫోన్ చేసింది. ఆవిడ సంగతి తెలుసు కదా, హలో అనదు, ఎలా ఉన్నావని అడగదు. పేరు ఇస్తావా, ఇవ్వవా అంది. తెలిసి కూడా, ఏ పేరు అన్నాను. పోయిన నీ పెళ్ళాం పేరురా మొద్దూ, సిపోరా కూతురికి, నెల దాటిపోయింది, ఇంకా పాపా పాపా అంటూ తిరుగుతున్నారు, పగలూ రాత్రీ ఒకటే ఏడుపు, నర్సమ్మ కడుపునొప్పి అంటోంది, నొప్పీ లేదు పాడూ లేదు, అది పేరు కోసం ఏడుస్తోంది అంది. పెట్టుకోమను, మధ్యలో నన్ను అడగడమెందుకు అన్నాను. అత్త గొంతు తగ్గించి, కోపం అంటుకున్న పేరు పిల్లకి పెట్టకూడదురా, మీ ఆవిడ పేరు ఎత్తినప్పుడల్లా సిపోరా నీ మీద పళ్ళు కొరుకుతోంది, అదంతా పిల్లకి వస్తుంది, ముందు మీరిద్దరూ ఆ మురికి కడుక్కోండి, పేరు సంగతి తర్వాత చూద్దాం అని పెట్టేసింది.

అత్త మీ ఊళ్ళో అన్న మాట మా ఊళ్ళో ఎలా తెలిసిందో ఏమో. విమానాలకి రెండు రోజులు పడుతుంది గానీ కబుర్లకి యాభై నిమిషాలు కూడా అక్కర్లేదు. మర్నాడు కో-ఆప్‌లో పిండి బస్తాల దగ్గర్నుంచే నటార్ అరిచాడు, ఏరా ఈనూకీ, నీ పెళ్ళాం పుట్టిందటగా అని. పోనీలే, ఈసారైనా నీకంటే చిన్నదాన్ని చూసుకున్నావు అన్నాడు. మీ అక్క నాకంటే మూడేళ్ళు పెద్దదని పెళ్ళినాటినుంచీ ఏడిపిస్తూనే ఉన్నాడు కదా. పళ్ళు రాలేదు కాబట్టి కొన్నాళ్ళు కొరకదు, ధైర్యంగా ఉండు అని కూడా అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ పళ్ళు బయటపెట్టాను. ఆ వరకూ వస్తోంది ఇప్పుడు.

ఇంటికొచ్చి ఆలోచించాను సిపోరా. నువ్వు ఆ పేరు పెడితే ఆ పసిదాన్ని నువ్వు అక్కా అని పిలవాలి. నిన్ను పెంచిన అక్కకి నువ్వు పాలివ్వాలి, గుడ్డలు మార్చాలి, వీపున కోటు సంచిలో వేసుకుని తిప్పాలి. నేను దాన్ని ముసలీ అని పిలవాలి, ఇన్నేళ్ళూ పిలిచినట్టే. పేరుతో పాటు మనిషీ వస్తుందని మనవాళ్ళు అంటారు, నేనూ నమ్ముతాను. అంటే నా భార్య మీ ఊళ్ళో ఉంటుంది. అక్కడ పాకుతుంది, అక్కడే పళ్ళొస్తాయి, లాజరస్ మీద అరుస్తుంది. నేనేమో ఇక్కడ రేడియో ముందు. ఏడాదికోసారి సెలవు పెట్టి, చుట్టూ తిరిగి వచ్చి, ఓ చేపముక్క నోట్లో పెట్టి, మళ్ళీ చుట్టూ తిరిగి పోవాలి. ఆవిడ బతికున్న ఆఖరి ఏడాదంతా ఇదే బతుకు. ఆవిడ ఎక్కడో ఆసుపత్రిలో, నేను ఇక్కడ. మళ్ళీ అదే అంటే నా వల్ల కాదు.

మా తమ్ముడి కోడలికి జూన్‌లో కాన్పు. ఆడపిల్లయితే ఆ పేరు పెట్టుకుంటామని వాళ్ళే అన్నారు. వాళ్ళిల్లు నా గుమ్మంలోంచి కనపడుతుంది. రోజూ పొద్దున వెళ్ళి చూసుకోవచ్చు. రెండుచోట్లా పెట్టుకోరా, ఇద్దరు పెళ్ళాలు, నీ యోగం అన్నాడు నటార్. అలా పెట్టుకునేవాళ్ళూ ఉన్నారు, తప్పు కాదు. కానీ మీ అక్క ఒకచోట కుదురుగా ఉండే మనిషి. రెండు ఊళ్ళకీ పంచితే నన్ను బతకనివ్వదు. అందుకని నువ్వు వేరే పేరు చూసుకుంటే మంచిదని నా ఉద్దేశం. మీ అమ్మ పేరు ఉండనే ఉంది. అది కూడా మంచి పేరే, ఎవరికీ ఏ కోపమూ లేని పేరు.

అత్త చెప్పిన మురికి సంగతి కూడా రాసేస్తే నా బాధ్యత తీరిపోతుంది.

ఆ రోజు ఆగస్టు మొదటివారం. పొద్దు గూకని రోజులు. రేడియో గదిలో నాతో పనిచేసే అతను నార్వాల్ తిమింగలాల వేటకి శిబిరానికి పోయాడు, మిగిలింది నేనొక్కణ్ణే. మీ అక్కకి ఊపిరి అందడం లేదని నర్సు ఇకాలుయిట్ నుంచి ఆసుపత్రి విమానాన్ని పిలిపించింది. అది దారిలో ఉండగానే సముద్రం మీదనుంచి పొగమంచు లేచి ఊరంతా కమ్మేసింది. పైలట్ ఊరి దగ్గరికొచ్చి, ఎలా ఉంది అని రేడియోలో అడిగాడు. నా భార్యని తీసుకుపోవడానికి వచ్చిన విమానానికి నా నోటితోనే, రన్‌వే చివర కనపడటం లేదు అని చెప్పాను. అతను, సరే పెద్దాయనా, మిట్టిమతాలిక్‌లో ఆకాశం శుభ్రంగా ఉంది, అక్కడ దిగి ఉంటాం, మంచు విడిచాక ఒక్క మాట చెప్పు, యాభై నిమిషాల్లో నీ ముందుంటాం అన్నాడు. రేడియోలో అతని గొంతు బాగుంది. అలాంటివి గుర్తుంటున్నాయి నాకు.

మీ అక్క ఆరోగ్యకేంద్రం మంచం మీద పడుకోనంది. ఇంటికి తీసుకుపో, విమానం వస్తే ఇంటినుంచే మోసుకుపోదురు గాని అని గొడవ చేసింది. నర్సు ఒక్కతే, అవతల ఇంకో రోగి ఉన్నాడు. ఆవిడ గొడవ పడలేక ప్రాణవాయువు సీసా ఇచ్చి, వచ్చి చూస్తూ ఉంటానని పంపేసింది. నేను కిటికీ పక్కన మంచం వేసి కూర్చున్నాను. కిటికీలో ఏమీ లేదు, తెల్లగా ఉంది అంతే.

విమానం మీ ఊళ్ళో దిగిందని తెలియగానే నువ్వు సంచీ సర్దుకుని విమానాశ్రయానికి పరిగెత్తావు. అప్పుడు నీకు నాలుగో నెల, ఏం తిన్నా కడుపులో నిలవని రోజులు. పైలట్‌ని బతిమాలితే చోటుంది రమ్మన్నాడట. అక్కడి కుర్చీలోనే కూర్చుండిపోయి ఉండుండి నాకు ఫోన్ చేశావు. విడిచిందా బావా, విడిచిందా బావా అని. లేదు అని చెప్పాను. ఆ మర్నాటి మధ్యాహ్నం ఆవిడ పోయింది. నువ్వు ఇకాలుయిట్ చుట్టూ తిరిగి, పూడ్చే రోజుకి వచ్చావు. గుంట దగ్గర నా పక్కన నిలబడి, యాభై నిమిషాలు బావా అన్నావు. ఆ పొద్దున్న నటార్ వాళ్ళు పడవ తీశారటగా, పడవవాడికి కనపడిన ఆకాశం నీకు కనపడలేదా అన్నావు. అంతే, తర్వాత నువ్వు నాతో మాట్లాడలేదు.

అప్పుడు జవాబు చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాను. పడవ నడపడానికి కావలసిన చూపు వేరు, విమానం దించడానికి కావలసిన చూపు వేరు. ఒడ్డు కనపడితే పడవ తీస్తారు. విమానానికి అది చాలదు. పొగమంచు ఉంది, విమానం రాలేదు. ఇందులో నువ్వు పళ్ళు కొరకవలసిందేమీ లేదు, నేను కడుక్కోవలసిందీ లేదు.

ఇక్కడ సూర్యుడు తిరిగొచ్చాడు. కొండ మీద కాసేపు కనపడి పోతున్నాడు. పిల్లలు స్కూలు వదిలేసి బయటికొచ్చి కేకలు పెట్టారు. నేను డ్యూటీ పుస్తకంలో మబ్బులు చెదురుగా ఉన్నాయని రాసుకున్నాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను, పూడ్చిన రోజు రాలేదు కదా అని. రాలేదు. ఆకలి కూడా ఎవరో గుర్తు చేస్తే గానీ తెలియడం లేదు. తమ్ముడి భార్య సీల్ మాంసం వండి గిన్నెతో తెచ్చి పెడుతుంది, తిన్నావా అని మళ్ళీ వచ్చి గిన్నె మూత తీసి చూస్తుంది. నా గురించి దిగులు పడకు. పడవని తెలుసు, అయినా రాయాలి కదా.

పేరు సంగతి ఆలోచించుకుని అత్తతో చెప్పు. లాజరస్‌ని అడిగానని చెప్పు. పసిదానికి ముద్దులు.

నీ కోపం తగ్గినా తగ్గకపోయినా నీ బావనే,
ఈనూకి.


తా.క.

ఫిబ్రవరి 15, శనివారం.

ఉత్తరం పోలేదు. బుధవారం నుంచి మంచు తుఫాను. విమానం రాలేదు, ఇవాళా రాదు. రాదని పైలట్‌కి చెప్పింది నేనే. టపా సంచీ రేడియో గదిలో నా కాళ్ళ దగ్గరే పడుంది. నాలుగు రోజులు దాని పక్కన కూర్చున్నాను. ఇవాళ సంచీ తెరిచి కవరు చించాను. పైన రాసింది మళ్ళీ చదివాను. అంతా నిజమే, ఒక్క ఆ పొద్దున్న తప్ప.

నటార్ చూసింది సరైన ఆకాశమే సిపోరా. పొద్దున్న పొగమంచు విడిచింది. ముందు అఖాతం అవతలి కొండ అంచు కనపడింది, తర్వాత కొండంతా, తర్వాత రన్‌వే పక్కన వేసిన డ్రమ్ములు కూడా కనపడ్డాయి. ఎంత పెద్ద విమానమైనా దిగొచ్చు. నేను లేచి కోటు తీసుకున్నాను. మీ అక్క కళ్ళు మూసుకునే, ఎక్కడికి అంది. విడిచింది, పిలుస్తాను, యాభై నిమిషాల్లో వచ్చేస్తారు, సిపోరా కూడా అందులోనే వస్తోంది అన్నాను. నీ పేరు వింటే సంతోషిస్తుందనుకున్నాను. కళ్ళు తెరిచి నన్నే చూసింది. కోటు అక్కడ పెట్టు, కూర్చో అంది.

అదేంటన్నాను. అదొస్తే ఎక్కు అక్కా అంటుంది, ఏడుస్తుంది, దాన్ని నేనెప్పుడైనా కాదన్నానా, దానికోసం ఎక్కేస్తాను, ఎక్కితే మళ్ళీ ఆ తెల్లగోడల మధ్య, ఆ మెత్తటి రొట్టెలు తింటూ, ఎవరి భాషో వింటూ పోతాను, నాకొద్దు, ఈ కిటికీ చాలు అంది. ఊపిరి అందక ఒక్కో మాటకీ ఆగుతూ చెప్పింది. నేను వాదించాను. నాతో వాదించి ఎప్పుడైనా గెలిచావురా అంది. నవ్వే ఓపిక లేదు గానీ నవ్వినట్టే అంది.

ఇంతలో నర్సు ఫోన్ చేసింది. అవతల రోగిని వదిలి రాలేకపోతున్నాను, కిటికీలోంచి చూసే తీరిక కూడా లేదు, ఎలా ఉంది ఆకాశం అని అడిగింది. మీ అక్క నా చెయ్యి పట్టుకునే ఉంది. ఇంకా విడవలేదు అని చెప్పాను. ఇన్నేళ్ళలో నేను చెప్పిన అబద్ధపు ఆకాశం అదొక్కటే. ఆ వెంటనే నువ్వు చేశావు. విడిచిందా బావా అన్నావు. నీకూ అదే చెప్పాను. నీ వెనకాల ఇంజను చప్పుడు వినపడింది, పిలవగానే ఎగరడానికి వాళ్ళు ఇంజను వేడి చేసుకుంటున్నట్టున్నారు. నీ గొంతు ఫోన్లోంచి గదిలోకి వచ్చింది. మీ అక్క విన్నది. ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు ఆ ఫోన్ వైపే చూసింది.

దానికి చెప్పకు అంది. నేనే రావద్దన్నానని తెలిస్తే తట్టుకోలేదు, నిన్ను తిట్టుకోనీ, తిట్లు తినడం నీకు అలవాటే కదా అంది. అందుకే గుంట దగ్గర నీకు జవాబు చెప్పలేదు. చెప్పకుండా ఉండటం కష్టం కాలేదు. అప్పటికే నాలో ఏదీ కదలడం లేదు. మధ్యాహ్నానికి పొగమంచు మళ్ళీ కమ్మేసింది, నేనన్న మాట నిజమైపోయింది. అప్పుడు పోయింది మీ అక్క.

నా మీదైతే ఎంతకాలమైనా పళ్ళు కొరుక్కో. నేను మోస్తాను. కానీ అది పేరుకి అంటుకుంటుందని అత్త అంటోంది. ఎవరి మీదో తెలియని కోపాన్ని నువ్వు మాత్రం ఎలా కడుగుతావు? అందుకని ఆవిడకిచ్చిన మాట తప్పుతున్నాను. మీ అక్క మీద కోపం వస్తే రానీ. దానితోనే పోట్లాడు, నీ ఒళ్ళోనే ఉంటుంది.

వేరే పేరు చూసుకోమని పైన రాశాను. ఆ మాట కొట్టెయ్యి. తమ్ముడి కోడలితో కూడా చెప్పేస్తాను. ఆ పేరు నాది కాదు, నేనిచ్చేదీ కాదు. ఆ పొద్దున్న మీ అక్క ఆఖరుగా ఒక మాటంది. దాన్ని నీకు చెప్పవద్దనలేదు, నేనే చెప్పలేదు. చెప్తే ఆవిడ నా దగ్గరికి రానన్నట్టు అవుతుందని, అది వినడం నాకిష్టం లేక చెప్పలేదు. సిపోరా అక్కడ నీకోసం సంచీ పట్టుకుని కూర్చునుందే, ఒక్కసారి చూడవా అని నేను చివరిసారి అడిగితే అంది, అది కడుపుతో ఉందిగా, దాని దగ్గరికి నేనే వెళ్తాలే, విమానం అక్కర్లేదు అని.

ఎంతసేపు పడుతుందే అన్నాను. అలవాటుకొద్దీ అనేశాను, ఎవరు ఎక్కడికి పోతున్నామన్నా నేను మొదట అడిగేది అదే. కళ్ళు మూసుకుని కాసేపు లెక్క చూసుకుంది. ఐదు నెలలు పడుతుందేమో, తొందరేముంది అంది.

పేరు పెట్టెయ్యి సిపోరా. పెట్టి, చెవిలో అక్కా అని పిలిచి చూడు. ఏడుపు ఆపితే, క్షేమంగా చేరిందని నాకొక్క కబురు చెయ్యి.